ఎవరి గొంతు ఎవరిలో

టూపాక్ పేరు రాకుండా ఈ వాదన మొదలవదు. హిప్ హాప్ మీద అందరికంటే ఎక్కువ ప్రభావం చూపిన ర్యాపర్ ఎవరు అని అడగ్గానే ముందు ఆయన పేరే వస్తుంది. వెంటనే పక్కనున్నవాళ్లు బిగ్గీ అంటారు. వయసులో చిన్నవాళ్లు కెండ్రిక్ లమార్ అంటారు, 2018లో పులిట్జర్ వచ్చిన సంగతి గుర్తు చేస్తారు. అమ్మకాల లెక్కలు చూసేవాళ్లు ఎమినెమ్‌నీ, జే-జీనీ తెస్తారు. పాతకాలం సంగతులు కాస్త చదివినవాళ్లు రన్-డీఎంసీ దగ్గరికి వెళ్తారు. గంట గడిచాక చూస్తే ఎవరి పేరు దగ్గర వాళ్లే నిలబడి ఉంటారు, గొంతులు మాత్రం పెరిగి ఉంటాయి.

ఈ వాదనంటే నాకు ఎప్పటినుంచో ఇష్టం. పొద్దుపోని కబుర్లని చాలామంది తీసిపారేస్తారు గానీ నేను ఒప్పుకోను. యాభై ఏళ్ల కిందట పుట్టిన ఒక కళ ఒకరి దగ్గరనుంచి మరొకరికి ఎలా అందిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు. చిక్కల్లా ఒక్కటే. ప్రభావం అని మొదలుపెట్టి, కాసేపటికే ఎవరు గొప్ప అన్నచోటికి వచ్చేస్తాం. ఇంకాసేపటికి ఎవరి రికార్డులు ఎక్కువ అమ్ముడయ్యాయో లెక్కపెడుతుంటాం. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. వాటిని విడదీసి చూడటం నాకు రకీమ్ అనే ర్యాపర్ పాటలు వినడంతో అలవాటైంది.

మా తరంలో చాలామంది తెలుగు కుర్రాళ్లకు ర్యాప్ పరిచయమైంది ఇంజనీరింగ్ హాస్టల్లోనే. అంతకుముందు ‘ప్రేమికుడు’లో పేట ర్యాప్‌కి చిందులేసినవాళ్లమే గానీ, దాని వెనక ఇంకో దేశం, ఇంకో జీవితం ఉన్నాయని ఎవరికి తెలుసు? 2002లో ‘8 మైల్’ సినిమా వచ్చింది. ఆ ఏడాది హాస్టల్లో ఎవరి కంప్యూటర్లో చూసినా ఎంపీత్రీ సీడీలోంచి దింపుకున్న రెండు ఫోల్డర్లు ఉండేవి, ఒకటి ఎమినెమ్, ఇంకోటి టూపాక్. నెట్ సెంటర్‌కి వెళ్లి పాటల సాహిత్యం ప్రింట్ తీయించుకొచ్చి, అలమారా తలుపుకి అంటించుకుని బట్టీ పట్టేవాళ్లం. సెమిస్టర్ పుస్తకాలకు పెట్టని శ్రద్ధ ఆ కాగితాల మీద పెట్టాం. మెస్‌లో రెండు పార్టీలు. ఎమినెమ్ పార్టీవాళ్లు మాటల వేగం గురించి చెప్పేవాళ్లు. టూపాక్ పార్టీవాళ్లు ఆయన అనుభవించినదంతా పాడాడని, ఇరవై అయిదేళ్లకే తుపాకీ గుళ్లకు పోయాడని చెప్పేవాళ్లు. ఆ మాట తర్వాత ఎవరికీ నోరు పెగిలేది కాదు.

రకీమ్ పేరు ఆ మెస్‌లో ఒక్కసారి కూడా వినపడలేదు. కానీ ఆయన అక్కడే ఉన్నాడు, రెండు దారుల్లో. మేమందరం నోటికి నేర్చుకున్న ఎమినెమ్ పాటల్లో ‘ద వే ఐ యామ్’ ఒకటి. దాని పల్లవి కట్టిన తీరు రకీమ్ 1987లో పాడిన ‘యాజ్ ద రైమ్ గోస్ ఆన్’ నుంచి వచ్చింది. రెండోది ఇంకా దగ్గరిది. ఆ రోజుల్లోనే ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాడిన ‘అడిక్టివ్’ ఊపేస్తోంది. అందులో వినిపించే హిందీ గొంతు లతా మంగేష్కర్‌ది, 1981 నాటి ‘జ్యోతి’ సినిమా పాట. లతాజీ గొంతు గుర్తుపట్టి మేం కేకలు పెట్టాం. అదే పాట మధ్యలో నింపాదిగా, అరుపు లేకుండా వచ్చిపోయే మగగొంతు రకీమ్‌ది. అదెవరిదని ఎవరూ అడగలేదు. ఎమినెమ్మా టూపాకా అని తన్నుకుంటున్న గదిలో, వాళ్లిద్దరికంటే ముందు పెన్ను పట్టిన మనిషి రాత్రీ పగలూ మోగుతూనే ఉన్నాడు.

ఇది నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, న్యూజెర్సీలో, మా అక్క కొడుకు దగ్గర. వాడు అక్కడే పుట్టి పెరిగాడు. కాలేజీ చదువు ఒకపక్క, ల్యాప్‌టాప్ మీద బీట్‌లు కట్టడం ఇంకోపక్క. ఒక పండక్కి వాళ్లింటికి వెళ్లినప్పుడు మాటల్లో ఈ గొడవే వచ్చింది. నేను ఎమినెమ్ ప్రాసల గురించి ఏదో గట్టిగా చెబుతుంటే వాడు ఆపాడు.

“మామయ్యా, ఆ ప్రాసలు ఎక్కడ పడుతున్నాయో ఎప్పుడైనా గీసి చూశావా?”

“గీయడమేంట్రా?”

వాడు తెల్లకాగితం మీద గళ్లు గీశాడు. ఒక్కో వరుసకు పదహారు గళ్లు. ఒక వరుస అంటే తాళంలో ఒక ఆవృత్తం, నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి నాలుగు గళ్లు. పాట మెల్లగా నడిపిస్తూ ఏ అక్షరం ఏ గడిలో పడుతోందో రాశాడు. ఒకే మోత ఉన్న అక్షరాలకు ఒకే రంగు పెన్సిల్. ముందు 1979 నాటి ‘ర్యాపర్స్ డిలైట్’ తీసుకున్నాడు. రంగులన్నీ కాగితం కుడి అంచునే పేరుకున్నాయి. మన సినిమా పాటల్లో అంత్యప్రాస పడే చోటే, పాదం చివర, అక్కడే పడి అక్కడే ఆగాయి. తర్వాత ఇంకో కాగితం తీసి 1987లో ఎరిక్ బీ, రకీమ్ కలిసి చేసిన ‘పెయిడ్ ఇన్ ఫుల్’ ఆల్బమ్‌లోంచి ఒక చరణం గీశాడు. పసుపు మూడో గడిలో మొదలై ఏడులో, పన్నెండులో పడింది. ఎరుపు వరుస చివర మొదలై కింది వరుసలోకి జారింది, అంటే వాక్యం తాళం దగ్గర ఆగకుండా దాటి పోయింది. ఆకుపచ్చ మధ్యలో ఎక్కడో మాయమై, రెండు వరుసల తర్వాత మళ్లీ తేలింది. పదం పదానికి ప్రాస కాకుండా, రెండు మూడు పదాలు కలిసి ఇంకో రెండు మూడు పదాలతో ప్రాస కట్టాయి. ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. చెవికి తాపీగా మాట్లాడుతున్నట్టు వినిపించే మనిషి లోపల ఇంత నేత నేస్తున్నాడని కంటితో చూసేదాకా నాకు అందలేదు.

వాడు మూడో కాగితం మీద ఎమినెమ్ చరణం గీశాడు. రకీమ్ కాగితం కంటే రంగులు ఎక్కువే ఉన్నాయి. కానీ అదే పని, అదే పద్ధతి.

“ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో కనిపించిందా? ఇప్పుడందరూ ఇలాగే రాస్తారు, అందుకే ఇది ఎవరిదో ఎవరికీ పట్టదు,” అన్నాడు.

ఆ రాత్రి నుంచి నేను రకీమ్‌ని వెనక్కీ ముందుకీ వెతికాను. అసలు పేరు విలియమ్ మైకేల్ గ్రిఫిన్. న్యూయార్క్ నగరం బయట, లాంగ్ ఐలాండ్‌లో వాయన్‌డాంచ్ అనే ఊరు. ఇంట్లో సంగీతం ఉంది. పేరున్న గాయని రూత్ బ్రౌన్ ఆయనకు దగ్గరి బంధువు. బళ్లో శాక్సాఫోన్ వాయించేవాడు, జాన్ కోల్ట్రేన్‌ని వినేవాడు. కోల్ట్రేన్ వాయిద్యంలో ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో, స్వరాన్ని తాళానికి కాస్త ముందూ వెనకా ఎలా పడేస్తాడో, అదంతా మాటల్లోకి తేవాలనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. 1986లో, పద్దెనిమిదేళ్ల వయసులో, క్వీన్స్‌బ్రిడ్జ్ కాలనీలో మార్లీ మార్ల్ ఇంటి స్టూడియోలో మొదటి పాట రికార్డు చేయడానికి వెళ్లాడు. అప్పటికి ర్యాపర్ అంటే నిలబడి గొంతెత్తి జనాన్ని లేపాలి. ఈ కుర్రాడు సోఫాలో కూర్చుని కాగితం చూస్తూ మామూలు గొంతుతో చదివాడు. ఇంకొంచెం ఊపు కావాలని అక్కడివాళ్లు అడిగారు. ఆయన మార్చలేదు. ‘ఎరిక్ బీ ఈజ్ ప్రెసిడెంట్’ అలాగే బయటికి వచ్చింది.

ఆ మార్చకపోవడం దగ్గరే హిప్ హాప్ మలుపు తిరిగిందని నా నమ్మకం. అప్పటిదాకా పాట జనం ముందు పాడటానికి. ఆ తర్వాత పాట ఒంటరిగా చెవిలో పెట్టుకుని వినడానికి కూడా. నాస్ 1994లో ‘ఇల్మాటిక్’ చేశాడంటే, ఇరవయ్యేళ్ల కుర్రాడు కిటికీలోంచి తన కాలనీని చూస్తూ గొణిగినట్టు పాడి ప్రపంచాన్ని కూర్చోబెట్టాడంటే, ఆ చోటు ముందే రకీమ్ ఖాళీ చేసి పెట్టాడు కాబట్టే. నాస్‌కి ఆ సంగతి తెలుసు. 2004లో రకీమ్ జీవితకథనే పాటగా కట్టాడు. ఎమినెమ్‌కీ తెలుసు. 2022లో ఆయన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు, తన గురించి చెప్పుకోవాల్సిన వేదిక మీద నిలబడి తాను ఎవరెవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ ర్యాపర్ల పేర్లు అక్షరక్రమంలో చదువుకుంటూ పోయాడు. పొడుగాటి జాబితా. మా హాస్టల్ గొడవకు సమాధానం ఎమినెమ్ నోటినుంచే వచ్చిందని ఆ వీడియో చూస్తూ అనుకున్నాను.

అయితే వెనక్కి వెతకడం మొదలుపెట్టాక ఒకచోట ఆగడం కష్టం. రకీమ్ ఎవరిని విన్నాడు? ఆయన చెప్పే పేర్లు మెలీ మెల్, కూల్ మో డీ, గ్రాండ్‌మాస్టర్ కాజ్. నా ఈడువాళ్లలో ఈ మూడు పేర్లూ విన్నవాళ్లు అరుదు. ఈ ముగ్గురి కథలూ చదివాక వాదన గురించి నా ఆలోచనే మారిపోయింది.

కూల్ మో డీ సంగతి తీసుకోండి. 1981 డిసెంబరులో హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో బిజీ బీ అనే మాటకారికీ ఇతనికీ పోటీ పడింది. బిజీ బీ జనంతో ఆడుకోవడంలో దిట్ట. ఒక మాట తాను అని రెండో మాట జనం చేత అనిపించి హాలంతా ఊగించేవాడు. మో డీ వచ్చి అతని ప్రతి అలవాటునీ పేరుపేరునా ఎత్తిచూపుతూ, గుక్క తిప్పుకోకుండా, లెక్కగా కట్టిన చరణాలతో కూలదోశాడు. అది రికార్డుగా రాలేదు, రేడియోలో రాలేదు. ఎవరో టేప్ చేసిన కేసెట్ చేతులు మారింది. ఆ కేసెట్ విన్న కుర్రాళ్లకు మాటలు రాసుకుని రావాలని, ఆలోచన పదును ఉండాలని అర్థమైంది. అమ్మకాల పట్టికలో దాని విలువ సున్నా. దాన్ని పక్కనపెట్టి ఆ తర్వాతి ర్యాప్ గురించి మాట్లాడటం మాత్రం కుదరదు.

కాజ్ కథ నాకు కోపం తెప్పిస్తుంది. 1979లో న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో సిల్వియా రాబిన్సన్ అనే నిర్మాత, పార్టీల్లో వినిపిస్తున్న ఈ కొత్త మాటపాటను రికార్డు చేయాలనుకుంది. పిజ్జా కొట్లో పనిచేస్తూ టేపుతోపాటు పాడుకుంటున్న హ్యాంక్ అనే యువకుడు ఆమె కొడుకు కంట్లో పడ్డాడు. హ్యాంక్ పాటగాడు కాదు, కాజ్ బృందానికి పనులు చూసిపెట్టేవాడు. అవకాశం రాగానే కాజ్ దగ్గరికి వెళ్లి అతని నోట్‌బుక్ అడిగి తీసుకున్నాడు. అందులో ఉన్నది ఉన్నట్టు పాడేశాడు. ఎంత ఉన్నది ఉన్నట్టంటే, కాజ్ తన పాత రంగస్థల నామం క్యాసనోవాను అక్షరం అక్షరం విడదీసి చెప్పుకున్న ముక్క కూడా హ్యాంక్ నోట అలాగే వచ్చింది. ‘ర్యాపర్స్ డిలైట్’ అమెరికా దాటి ప్రపంచమంతా మోగింది. ఆ మాటలు కట్టిన కాజ్‌కి పేరూ రాలేదు, పైసా రాలేదు. ప్రపంచంలో కోట్లమందికి ర్యాప్ అంటే ఏమిటో మొదటిసారి తెలిసిన ఆ పాటలో పెద్ద భాగం, రికార్డు మీద పేరు కూడా లేని మనిషి రాసింది. ప్రభావశీలురైన ర్యాపర్ల జాబితా వేసేటప్పుడు హ్యాంక్‌ని ఎక్కడ పెడతాం, కాజ్‌ని ఎక్కడ పెడతాం?

‘ద మెసేజ్’ది ఇంకో మెలిక. 1982లో వచ్చిన ఈ పాటతోనే ర్యాప్ పార్టీ సరదా దాటి మురికివాడ బతుకు గురించి మాట్లాడిందని అందరం చెప్పుకుంటాం. రికార్డు మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కానీ రాసింది ఎక్కువగా డ్యూక్ బూటీ అనే స్టూడియో వాద్యకారుడు, పాడింది అతనూ మెలీ మెల్. ఇంత బరువైన పాట ఎవరు వింటారని బృందంలో మిగతావాళ్లు వెనకాడితే పట్టుబట్టి చేయించింది ఆ సిల్వియా రాబిన్సనే. కాజ్ విషయంలో ఆమె కంపెనీ మీద కోపం వచ్చిన నాకే, ఇక్కడ ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి ఈ వాదనలో మరీ అన్యాయం జరుగుతుంది. పేర్లు అడిగితే చివర్లో, గుర్తొచ్చినట్టుగా, లారిన్ హిల్ అంటారు. 1999లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ తెచ్చింది కాబట్టి ఆమెను దాటిపోలేరు. కానీ రన్-డీఎంసీలోని డీఎంసీని అడిగితే షా-రాక్ పేరు చెప్తాడు. ఫంకీ ఫోర్ ప్లస్ వన్ అనే బృందంలో ఆ ‘ప్లస్ వన్’ ఆవిడే. ఒక కేసెట్‌లో ఆమె గొంతు ప్రతిధ్వని యంత్రంలోంచి రెట్టింపై తిరిగిరావడం విని, తానూ అలా వినపడాలనుకున్నానని అతను చెప్పాడు. రన్-డీఎంసీ గొంతులోని ఆ గాంభీర్యాన్ని అందరూ మగతనం అనుకుంటారు. దాని మూలం బ్రాంక్స్ అమ్మాయి దగ్గర ఉంది. 1984లో పద్నాలుగేళ్ల రొక్సాన్ షాంటే, అదే మార్లీ మార్ల్ ఇంట్లో, ఒక మగ బృందం పాటకు జవాబు పాడి వదిలింది. దానికి జవాబులు, ఆ జవాబులకు జవాబులు పదులకొద్దీ రికార్డులుగా వచ్చాయి. ర్యాప్‌లో రికార్డుల మీద రికార్డులు విసురుకునే యుద్ధం ఆ పిల్లతో ఊపందుకుంది. జే-జీ, నాస్ 2001లో తిట్టుకున్నప్పుడు ప్రపంచం నోరు తెరుచుకుని చూసింది గానీ, ఆ గోదాలో ముందు దిగిందెవరో ఎంతమందికి గుర్తుంది?

అసలు ర్యాపర్లతోనే ఎందుకు మొదలుపెట్టాలి అని మా మేనల్లుడి వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ కింది హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టడానికి పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పావలా డాలరు, మగపిల్లలకు అర డాలరు. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్, జమైకా నుంచి వచ్చిన కుటుంబం, తర్వాత కూల్ హెర్క్‌గా పేరుపడ్డవాడు. డ్యాన్సు చేసేవాళ్లు పాటంతా కాకుండా గాయకుడు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది సెకన్ల కోసం కాచుకుని ఉంటారని హెర్క్ గమనించాడు. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టాడు. ఇటువైపు డ్రమ్ముల ముక్క అయిపోగానే అటువైపు అదే ముక్క మొదలు. అది మోగుతుండగా ఇటుది చేత్తో వెనక్కి తిప్పి ముల్లు మళ్లీ సరిగ్గా అక్కడే దింపాలి. అలా కొద్ది సెకన్ల ముక్క నిమిషాలు సాగింది. ఆ సాగిన నేల మీదే అతని మిత్రుడు కోక్ లా రాక్ మైకు పట్టుకుని, వచ్చినవాళ్ల పేర్లు పిలుస్తూ నాలుగు ఊపుమాటలు అన్నాడు. అన్ని ర్యాప్‌లకూ అది మొదటి మెట్టు.

ఆ డ్రమ్ములు వాయించినవాళ్ల గురించి ఇంకో వ్యాసం రాయాలి. జేమ్స్ బ్రౌన్ బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ‘ఫంకీ డ్రమ్మర్’లో వాయించిన కొద్దిపాటి ముక్క వందలాది ర్యాప్ పాటలకు వెన్నెముక అయింది. పబ్లిక్ ఎనిమీ బృందం వాడుకుంది, రకీమ్ ‘లిరిక్స్ ఆఫ్ ఫ్యూరీ’ కూడా దాని మీదే నడిచింది. పాట హక్కు రాసినవాళ్లది, వాయించినవాళ్లది కాదు కాబట్టి స్టబుల్‌ఫీల్డ్‌కి దానిమీద రాయల్టీ అందలేదు. 2017లో ఆయన పోయారు. లతాజీ పాట విషయంలో కూడా మొదట జరిగింది ఇలాంటిదే. ‘అడిక్టివ్’లో అడగకుండా వాడిన ఆ స్వరం కట్టింది బప్పీ లాహిరి. మన ‘గ్యాంగ్ లీడర్’ పాటలు చేసిన ఆయనే. రికార్డు మీద ఆయన పేరు లేదు. వ్యవహారం అమెరికా కోర్టుకెక్కి, లాహిరి పేరు వేయకుండా ఆల్బమ్ అమ్మకూడదని 2003లో ఉత్తర్వు వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కాజ్ గుర్తొచ్చాడు. బ్రాంక్స్ కుర్రాడికి అప్పట్లో కోర్టు దాకా వెళ్లే స్తోమతు ఎక్కడిది?

ఇంత చెప్పి టూపాక్‌ని తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే నాకు బాధేస్తుంది. ఆయన చరణం కూడా ఆ గళ్ల కాగితం మీద గీయించాను. రంగులు పలచగా ఉన్నాయి. ప్రాసలు చాలావరకు అంచునే. కానీ పాట వింటే గుండె పట్టేస్తుంది. అచ్చులను సాగదీసి, ఉపన్యాసం ఇచ్చే మనిషిలా బరువంతా ఒక్కో మాట మీద మోపుతాడు. ఆ గొంతు వెనక ఉన్న ఇల్లు వేరు. తల్లి అఫేనీ షకూర్ బ్లాక్ పాంథర్. కడుపుతో ఉండి జైల్లో గడిపింది, కోర్టులో తన కేసు తానే వాదించుకుని 1971 మేలో నిర్దోషిగా బయటపడింది, జూన్‌లో ఇతను పుట్టాడు. పెరూలో స్పెయిన్ పాలన మీద తిరగబడ్డ తుపాక్ అమారు పేరు పెట్టారు. అదే తల్లి తర్వాత మత్తుమందుకు బానిసైతే, ఆ సంగతి దాచకుండానే ఆమెకు దండం పెడుతూ 1995లో ‘డియర్ మామా’ పాడాడు. ఒక ర్యాపర్ తన ఇంటి గాయాన్ని అంతమంది ముందు విప్పి చూపించవచ్చని ఆయన్ని చూసి ఎన్ని దేశాల కుర్రాళ్లు నేర్చుకున్నారో లెక్కలేదు. మా హాస్టల్లో నాన్న పోయిన ఒక మిత్రుడు తెలుగులో మొదటిసారి నాలుగు లైన్లు రాసుకున్నది టూపాక్ పాటలు విన్నాకే. రాసే పద్ధతి రకీమ్‌ది కావచ్చు, రాయాలన్న ధైర్యం చాలామందికి టూపాక్ ఇచ్చింది. ఈ రెండింటినీ ఒకే తక్కెట్లో వేసి తూచలేం.

ఆయన నీడ కూడా ఉంది. 1996 సెప్టెంబరులో ఆయన, ఆరు నెలలకు బిగ్గీ, ఇద్దరూ ఒకే తీరున, కారులో ఉండగా కాల్పులకు బలయ్యారు. వాళ్లిద్దరి మధ్య పాటల్లో పెరిగిన పంతం పాటల్లో ఆగలేదు. ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు అదీ చెప్పాలి. బిగ్గీకి ఇరవై నాలుగేళ్లు.

వాళ్లిద్దరి వెనకున్న న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ ఇలా కొట్టుకుంటున్న కాలంలో మూడో దిక్కును ఎవరూ లెక్కచేయలేదు. 1995లో న్యూయార్క్‌లో జరిగిన ఒక అవార్డుల సభలో అట్లాంటా కుర్రాళ్ల బృందం అవుట్‌కాస్ట్‌కి బహుమతి వస్తే హాలు హేళన చేసింది. ఆండ్రే 3000 మైకు ముందు నిలబడి, దక్షిణాదికీ చెప్పుకోవాల్సింది ఉందని ముక్తసరిగా అని దిగిపోయాడు. తొమ్మిదేళ్లకు అదే బృందం గ్రామీల్లో అన్నిటికంటే పెద్ద బహుమతి తీసుకుంది. ఈనాటి ర్యాప్‌లో ఎక్కువ భాగం దక్షిణాది నుంచి వచ్చిందే.

ఇక్కడే మా మేనల్లుడు నాతో విభేదిస్తాడు. రకీమ్ కథ నాకు నేర్పిందే వాడు, ఇప్పుడు రకీమ్‌ని ఒప్పుకోనిదీ వాడే. “మామయ్యా, గత పదేళ్ల పాటలు ఏవైనా పెట్టు, కాలితో తాళం వెయ్యి,” అంటాడు. కాలు నాలుగు దెబ్బలు వేస్తుంటే నోరు ఒక్కో దెబ్బకి మూడేసి అక్షరాలు పలుకుతుంది. మన సంగీతంలో తిశ్రగతి అంటామే, అదే. 2013లో మీగోస్ బృందం ‘వెర్సాచే’ పాటతో ఇది ప్రపంచమంతా పాకింది, దాన్ని వాళ్ల పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. హైదరాబాద్ కుర్రాళ్లు తెలంగాణ యాసలో కడుతున్న ర్యాప్‌లో కూడా ఆ నడక వినపడుతుంది. కానీ మెంఫిస్ నగరంలో త్రీ 6 మాఫియా బృందానికి చెందిన లార్డ్ ఇన్‌ఫమస్ తొంభైల మొదట్లోనే ఇలా పాడాడు. ‘వెర్సాచే’ వచ్చిన 2013లోనే, డిసెంబరులో, ఆయన చనిపోయాడు. ఇప్పుడు పాడుతున్న కుర్రాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? నీ లెక్క ప్రకారమే చూస్తే అందరి నోట్లోనూ ఉండి ఎవరికీ పేరు తెలియని మనిషి ఈయనే కదా అని వాడు నిలదీస్తాడు.

వాడి మాటలో బలం ఉంది. నేను మాత్రం పబ్లిక్ ఎనిమీ పాట ‘బ్రింగ్ ద నాయిస్’ వినిపించాను. అందులో చక్ డీ కాసేపు ఇదే మూడేసి అక్షరాల నడక నడుస్తాడు, అది 1987. వాడు తల అడ్డంగా ఊపి, కాసేపు నడవడం వేరు, ఆ నడకతోనే బతకడం వేరు అన్నాడు. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన బోన్ థగ్స్ బృందం ఇది మాదేనని, మెంఫిస్ వాళ్లు కాదు మాదని అప్పట్లో పెద్ద తగవే పెట్టుకున్నారని కూడా చెప్పాడు. కాబట్టి వెతకాల్సింది ఇంకా వెనకే. లార్డ్ ఇన్‌ఫమస్ కంటే ముందు మెంఫిస్‌లో డీజే స్పానిష్ ఫ్లై లాంటివాళ్లు చేత్తో కాపీలు తీసి అమ్మిన కేసెట్లు ఉన్నాయి. వాటిమీద పాడినవాళ్ల పేర్లు ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి ఉండవు. వాటిలో దొరికినన్ని మా వాడు పోగుచేస్తున్నాడు. దసరా సెలవులకు నేను వెళ్లేలోపు అన్నిటికీ గళ్ల కాగితాలు గీసి ఉంచుతానన్నాడు. నా ఓటు ఇప్పటికైతే రకీమ్‌కే.